కోడిపిల్ల రెప్ప

కొమురమ్మ దగ్గర శిష్యుడిగా చేరి మంత్రం తీసుకున్ననాటి నుంచి రాజలింగానికి ఒకటే తికమక. "చేతిల ఏ పనన్న ఉండనీ, లోపల మంత్రం తప్పొద్దు" అంది ఆ గురువమ్మ. పనిలో పడితే మంత్రం జారిపోయేది. మంత్రం పట్టుకుంటే పని పాడయ్యేది. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు పాపం.

ఆ పొద్దు ఊళ్లోని సాయవ్వ గంప నెత్తిన పెట్టుకుని కొమురమ్మ దగ్గరికి వచ్చింది. నిండా కోడిపిల్లలు. కోళ్లు తప్ప ఆమెకు వేరే బతుకుతెరువు లేదు. పక్క ఊళ్లో కొక్కెర తెగులు పడి కోళ్లు మెడలు వాల్చి చస్తున్నాయి. పశువుల దవాఖానలో మంచుగడ్డల మధ్య పెట్టిచ్చిన టీకామందు తెచ్చుకుంది గానీ, పిల్లల కంట్లో చుక్క వేసేంత చూపు ఆమెకు లేదు.

"నువ్వెయ్యి లింగం. మంచు కరిగేలోపు కావాలె" అంది కొమురమ్మ.

రాజలింగం హుషారుగా కూర్చున్నాడు. ఒక్కో పిల్లకూ చుక్క వెయ్యడం, వెంటనే కళ్లు మూసుకుని భక్తిగా మంత్రం అనుకోవడం, వదిలెయ్యడం. గంప పూర్తయ్యేసరికి అతని మొహం వెలిగిపోయింది.

"అయిపోయిందమ్మా. ఒక్కదానికి గూడ మంత్రం తప్పలే."

"చుక్క లోపలికి పోయిందా?"

"ఏసిన గదమ్మా."

"ఏసినవు. పిల్ల రెప్ప కొట్టిందా?"

రాజలింగం గంపలోకి తొంగిచూశాడు. కొన్ని తల విదిలించినట్టు చేతికి తెలిసింది, అంతే. మందు కంట్లోకి పోయిందో నేలపాలైందో చూసిందెవరు? ఇప్పుడు అన్నీ గంపలో కలిసిపోయాయి. సాయవ్వ గంప అంచు గట్టిగా పట్టుకుంది. అతనికి సిగ్గేసింది. కోపమూ వచ్చింది. తప్పొద్దన్నదీ ఈమే, తప్పు పట్టేదీ ఈమే.

కొమురమ్మ తిట్టలేదు. అతని పక్కన చతికిలబడి గంప దగ్గరికి లాక్కుంది. సీసాలో మందు ఇంకా ఉంది, రెండోసారి పడ్డా పిల్లలకు చేటు లేదు.

"మంత్రం సంగతి నేను జూసుకుంట. నువ్వు దాని కన్ను జూడు."

ఆమె పిల్లల్ని అందిస్తుంటే అతను మళ్లీ మొదలుపెట్టాడు. చుక్క కంటి మీద గుండ్రంగా నిలబడింది. పిల్ల రెప్ప కొట్టింది, చుక్క లోపలికి ఇంకింది. అప్పుడు వదిలాడు. తర్వాత ఇంకొకటి. ఒక పిల్ల మొండికేసి ఎంతకీ రెప్ప వెయ్యలేదు. ఊపిరి బిగబట్టి దాని కన్నునే చూస్తూ కూర్చున్నాడు.

చివరి పిల్లనూ వదిలాక తలెత్తాడు. మంచు ఇంకా కాస్త మిగిలే ఉంది. కొమురమ్మ పెదవులు కదలడం లేదు. ఒళ్లో పడిన రెట్టను తాపీగా తుడుచుకుంటోంది.

"అమ్మా, మంత్రం అన్లేదా నువ్వు?"

"నువ్వు అంటనే ఉంటివి గద, నడుమ నేనెందుకు?" అంది కొమురమ్మ.