అంకమ్మ నాయనమ్మ కన్ను

నాగలింగాచారి మాస్టారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు వచ్చేది కాదు. అడిగినవాళ్ల చేతిలో ఏదో ఒక పని పెట్టి, తాను పక్కన కూర్చుని ఉలికి సాన పట్టుకునేవారు. పని అయ్యేసరికి జవాబు దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. ఆయన దగ్గరే బొమ్మలపని నేర్చుకుని, ఆ ఊరి ఆడపిల్లల బడిలో డ్రాయింగు టీచరుగా చేరిన హైమావతికి ఈ సంగతి బాగా తెలుసు. తెలిసి కూడా ఆ శనివారం అడక్కుండా ఉండలేకపోయింది.

"మాస్టారూ, పిల్లలు చేసిన బొమ్మ మీద టీచరు చెయ్యి పెట్టొచ్చా?"

అడగడానికి కారణముంది. బడిలో చోటు లేక ఆమె తన క్లాసు పిల్లల్ని మాస్టారి పాకకే తీసుకొచ్చి పని చేయిస్తోంది. మీ ఇంట్లో ఎవరిదో ఒకరి ముఖం మట్టితో చెయ్యండర్రా అని చెప్పింది. చేశారు. కుమ్మరి ఆవంలో కాల్చి తెచ్చి, రంగులు కూడా పూశారు. కానీ ఒకదాని కన్ను నుదుటికెక్కింది, ఇంకోదానిది ముక్కు పక్కకి జారింది, అంకమ్మ అనే పిల్ల చేసిన ముసలమ్మకైతే ఒక కన్ను అసలు తెరుచుకోనే లేదు. సోమవారం పెద్ద టీచరుగారు వచ్చి చూస్తారు. "చూడముచ్చటగా ఉంటే సరి, లేదంటే ఆ పీరియడు లెక్కల సారుకిచ్చేస్తాను హైమావతీ, ఏమీ అనుకోకు" అని ఆవిడ ముందే చెప్పేశారు. పీరియడు పోతే ఉద్యోగం పోయినట్టే.

మాస్టారు తల ఎత్తకుండానే సన్న కుంచె ఒకటి తీసి ఆమె చేతికిచ్చారు.

"నీకెక్కడ బాగోలేదో అక్కడ దిద్దుకో."

దిద్దుకోమన్నారంటే దిద్దవచ్చనే కదా అనుకుంది హైమావతి. అంతలోనే, ఆ మాటలో ఏదో మెలిక ఉందేమో అనీ అనిపించింది. పిల్లలు అన్నాలకి ఇళ్లకెళ్లారు. ఇంక ఆలోచించే వ్యవధి లేదు. ఒక ముఖానికి కళ్లు కుదిర్చేసరికి పక్క ముఖం వెలవెలబోయింది. దానికీ కుదిర్చింది. కళ్లు కుదిరాక కనుబొమలు నచ్చలేదు, అవి నచ్చాక పెదవులు. చెంపల మీద రంగు అక్కడక్కడా పొరలు కట్టిందని అన్నిటికీ ఒకటే రంగు నున్నగా పూసింది. అంకమ్మ ముసలమ్మకి మూసుకుపోయిన కంట్లో తెల్లరంగు నింపి, మధ్యలో నల్లగుడ్డు పెట్టింది. అయ్యాక దూరంగా జరిగి చూసుకుంటే, బల్ల మీది ముఖాలన్నీ ఆమెనే చూస్తున్నాయి. ముచ్చటేసింది.

పిల్లలు వచ్చారు. వచ్చి, బల్ల దగ్గరే తికమకపడి నిలబడిపోయారు.

"నాదేదే?"

"ఇదే నీది, తీసుకో."

"నాది కాదు. మా అమ్మ ఇట్టా చూడదు."

ఇద్దరు పిల్లలు ఒకే ముఖాన్ని చెరోవైపు పట్టుకున్నారు. మరో ముఖాన్ని ఎవరూ ముట్టుకోలేదు. వాళ్లలో మస్తాన్‌బీ నడుం మీద చేతులు పెట్టుకుని అంతా కలియజూసి, "టీచర్, వీళ్లందరూ ఒక్క తల్లి పిల్లల్లాగున్నారు. మీ పుట్టింటోళ్లా?" అంది. అందరూ గొల్లుమన్నారు. హైమావతి కూడా నవ్వబోయి ఆగిపోయింది. ఏది ఎవరిదో చెబుదామని చూస్తే, దిద్దిన తనకే గుర్తు తెలియలేదు. మాస్టారు సాన పట్టుకుంటూనే ఉన్నారు.

అంకమ్మ మాత్రం బల్ల ఆ చివర నుంచి మొదలుపెట్టింది. కళ్లు గట్టిగా మూసుకుని, ఒక్కో ముఖానికి చెవులు తడుముకుంటూ వెళ్లింది. ఒకచోట దాని వేళ్లు ఆగాయి. బరువు కమ్మలకి సాగి వేలాడే చెవితమ్మెలు అవి.

"ఇదుగో, మా నాయనమ్మ!" అని కళ్లు తెరిచింది. తెరిచి, ఉలిక్కిపడింది.

"ఏమ్మా?" అంది హైమావతి.

"మా నాయనమ్మకి ఈ కన్ను లేదు టీచర్. నేను పుట్టకముందే పోయింది. అందుకే మూసి చేశాను."

పిల్ల ఆ ముఖాన్ని ఒళ్లో పెట్టుకుని, కొత్తగా వచ్చిన కన్నుకేసి చాలాసేపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"ఇప్పుడు కనపడుద్దా టీచర్?"

సరదాకి అడగలేదది. అవునంటే అబద్ధం. కాదంటే, వచ్చిన కన్ను మళ్లీ పొడిచినట్టు. హైమావతి గుడ్డ తడిపి తెచ్చింది గానీ, అంకమ్మ ముందు ఆ గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చివరికి మాస్టారి దగ్గరికి నడిచింది.

"అన్నిటికీ నేను పూసింది తుడిచేస్తాను మాస్టారూ. సోమవారం పీరియడు పోతే పోనివ్వండి. కానీ ఆ ఒక్క కన్ను... ఆ పిల్ల చూస్తుండగా నా చేత్తో ఎట్లా తుడవను?"

మాస్టారు ఉలి కింద పెట్టారు.

"మావాళ్లు నాకు విగ్రహానికి చివర్న కన్ను తెరవడం నేర్పారమ్మాయ్. తెరిచింది మూయడం ఎవరూ నేర్పలేదు. ఆ గుడ్డ ఆ పిల్లకే ఇచ్చి చూడు. ఏం చేస్తుందో నాకూ చూడాలనుంది."