రెండు వైపులా గడియ

పొద్దున్నుంచీ ప్రభుదాసుకి ఒకటే బాధ. చెయ్యాల్సిందంతా సరిగ్గానే చేశాడు, పని మాత్రం కావడం లేదు.

రెండు ఆసుపత్రులు కలిసి ఒకటయ్యాయి. పాత ఆసుపత్రి స్కాన్లన్నీ డేటా సెంటర్‌లో ఒక స్టోరేజీ నెట్‌వర్కులో ఉన్నాయి, కొత్త ఆసుపత్రి సర్వర్లు ఇంకో నెట్‌వర్కులో. రెంటినీ నేరుగా కేబుల్ వేసి కలిపేస్తే ఒకదాని జబ్బు రెండోదానికి అంటుకుంటుంది. అందుకని మధ్యలో రూటర్ పెట్టారు. ఆ రూటర్ మొహమాటానికి పోదు. ఫలానా సర్వరు ఫలానా స్టోరేజీని చూడొచ్చని ఇటువాళ్ళూ అటువాళ్ళూ ఎవరి నెట్‌వర్కులో వాళ్ళు అనుమతి రాసిపెట్టాలి, దాన్నే జోన్ కట్టడం అంటారు. ఒక్కవైపే కడితే కట్టనట్టే లెక్క.

ఇటువైపు పని ప్రభుదాసుది. అటువైపు భద్రానిది.

ఇద్దరూ హనీఫ్ గారి దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. ఒకే క్యారేజీలో తిన్నవాళ్ళే. పోయిన ఎండాకాలం సర్వర్లు ఆగిపోయినప్పుడు కారణమేమిటని మీటింగులో అడిగితే, భద్రం ఇతని పేరు చెప్పాడు. తప్పు ఇతనిదే, అది వేరే సంగతి. ఆ రోజునుంచి మాటల్లేవు.

టీ ఫ్లాస్కు భద్రం వాళ్ళ గదిలో ఉంటుంది. అటు వెళ్ళాల్సి వస్తుందని ప్రభుదాసు టీయే మానేశాడు. ఎవరైనా అడిగితే ఎసిడిటీ అంటాడు. మధ్యాహ్నం ఎదుటి కుర్చీలో బ్యాగు పెట్టుకుని ఒక్కడే తింటాడు. హైదరాబాదు వచ్చాక అతనికి దొరికిన స్నేహం అదొక్కటే. అది పోయాక ఆదివారాలు ఎంతకీ గడవడం లేదు.

"సార్, నా జోన్ కట్టేశాను. మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. స్కాన్లు కనబడటం లేదు," అన్నాడు హనీఫ్ గారి దగ్గరికి వెళ్ళి. "సాయంత్రంలోగా కనబడకపోతే రేపటి ఆపరేషన్లు వాయిదా వేస్తామంటున్నారు ఆసుపత్రివాళ్ళు."

"భద్రానికి చెప్పావా?"

"అతని పని అతనికి తెలీదా సార్? నా వైపు తప్పేం లేదు."

హనీఫ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"టీ తాగుదామయ్యా. పట్టుకురా. కారిడారంతా చుట్టి వెళ్ళడమెందుకు, ఆ తలుపులోంచి వెళ్ళు."

ఈ గదీ, భద్రం వాళ్ళ గదీ ఒకప్పుడు వేరే వేరే కంపెనీలకి అద్దెకిచ్చిన వాటాలు. మధ్య తలుపుకి ఇటో గడియ, అటో గడియ. ప్రభుదాసు లేవలేక లేచి గడియ తీసి తోశాడు. తలుపు కదల్లేదు.

"అటు కూడా వేసుంది సార్."

"నీ గడియ తీశావా?"

"తీశాను."

"సరిగ్గా తీశావా?"

"సరిగ్గానే తీశాను సార్."

"అయితే నీ తప్పేం లేదు. వచ్చి కూర్చో."

వచ్చి కూర్చున్నాడు. హనీఫ్ గారు రెండు ఖాళీ కప్పులు తెచ్చి బల్లమీద పెట్టి, తానూ కూర్చున్నారు. కింది అంతస్తులో మెషీన్ల హోరు సన్నగా వినిపిస్తోంది. తలుపు అవతల ఎవరో దగ్గారు. ఆ దగ్గు ప్రభుదాసు ఎక్కడున్నా గుర్తుపడతాడు.

కప్పుల వంక చూశాడు. గురువుగారి వంక చూశాడు. ఆయన ఎంతసేపైనా అలాగే కూర్చునేలా ఉన్నారు.

లేచాడు. తలుపు దగ్గరికి వెళ్ళాడు. మెల్లిగా తట్టాడు.

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి.

"ఎవరూ?"

"నేనురా."



"నీ వైపు గడియ తీసుందా?" అన్నాడు భద్రం.

ప్రభుదాసు తలుపుకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

"తీసే ఉంది. నీకు చెప్పలేదు, అంతే."