చల్లారిన అట్టు మీద తీర్పు

ఏ కాలమో ఏ దేశమో నన్నడక్కండి గానీ, ఒకానొక రాజ్యాన్ని ప్రచండవర్మ అనే రాజు ఏలేవాడు. ఆయనకు ముప్పై రెండు బిరుదులు. సింహాసనం ఎక్కినా, ముద్ద నోట్లో పెట్టుకోబోయినా భట్టు ఒకడు ముందుకొచ్చి ఆ ముప్పై రెండూ రాగం తీసి చదవాల్సిందే. అది పూర్తయ్యేదాకా రాజుగారి చెయ్యి లేచేది కాదు.

ఆ రాజధానిలో గాజుల వీధి అని ఒకటుంది. గాజులు, అత్తరు, అద్దకం చీరలు, ఇత్తడి చెంబులు, ఏం కావాలన్నా అక్కడే. బేరాలకు వచ్చినవాళ్లు, దూరప్రయాణం చేసి బండి దిగినవాళ్లు ముందు వీధి మలుపులో అట్ల నూకమ్మ దగ్గర ఆగేవారు. పెసరట్టు, మీద అల్లం పచ్చడి. ఆవిడది ఒకటే కట్టుబాటు. ఆకులో వేసిన అట్టు మొదటి ముక్క నోట్లో పడితేగానీ పెనం మీద ఇంకో అట్టుకు పిండి పొయ్యదు. తినేవాడు కబుర్లలో పడితే వెనకవాళ్లే కేకలేసేవారు.

ఒకసారి పరదేశపు వర్తకులు కొలువుకు వచ్చి, కోట ఊసెత్తకుండా నూకమ్మ అట్టును పొగిడారు. రాజుగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఆ అట్టేదో తెప్పించండి!" అన్నాడు.

తెచ్చారు. కోటవాకిట్లో కాపలావాళ్లు పొట్లం విప్పి చూశారు. వంటశాల అధికారి రుచి చూసి, విషమేమైనా ఉందేమోనని అరగడియ కూర్చున్నాడు. ఏమీ కాలేదు. వెండి పళ్లెంలోకి మార్చారు. ఆపైన భట్టుగారు గొంతు సవరించుకున్నారు. అన్నీ అయ్యాక రాజు కొరికాడు.

"థూ! చెప్పుల తోలు! మూడు రోజుల్లో ఆ వీధంతా ఖాళీ చేయించండి. అక్కడ మండపం కట్టించి నా బిరుదులు చెక్కించండి" అని ఆజ్ఞాపించాడు.

చూశారా అన్యాయం! చల్లారబెట్టింది తాము, శిక్ష నూకమ్మకు! ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది. కొలువులో అంతమంది పండితులున్నారు, ఒక్కడూ నోరు విప్పలేదు. చిత్తం చిత్తమంటూ తలలూపారు.

కొలువులోనే తిప్పన అని ఒక మాటకారి ఉండేవాడు. ఆ సంగతి జరిగిన రోజు అతను ఊళ్లో లేడు. మర్నాడు పొద్దున్నే అలవాటుగా అట్టు కోసం వెళితే నూకమ్మ పొయ్యి ముందు కళ్లొత్తుకుంటూ కనిపించింది.

"బాబూ, నా అట్టు తోలన్నాడంట మీ రాజు. నలభై ఏళ్లలో ఒక్కడూ ఆకులో ముక్క వదల్లేదు. పొమ్మంటే పోతాను. ఆ మాట పడి ఎలా పోనయ్యా?"

తిప్పనకు కోపం ముంచుకొచ్చింది. కానీ కోపంతో వెళితే రాజు వినడని అతనికి తెలుసు. నవ్వుమొహం పెట్టుకుని కొలువుకు వెళ్లాడు.

"ప్రభూ, తీర్పు దివ్యంగా ఉంది. ఒక్కటే వెలితి. రాజుగారు ఆ వీధి మొహమైనా చూడకుండా తీర్పు చెప్పారని పరదేశులు అనుకోరా? బాటసారి వేషంలో వెళ్లి, నలుగురిలో ఆ అట్టును మీ నోటితోనే ఛీ అని రండి."

రాజుకు ఆ మాట భలే నచ్చింది. మర్నాడు ఇద్దరూ ముతక బట్టలు కట్టుకుని వరుసలో నిలబడ్డారు. నూకమ్మ పెనం మీది అట్టు తీసి రాజు ఆకులో వేసింది. రాజు ఆకు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చెయ్యి లేవలేదు.

"ఎవరికోసం చూస్తన్నావయ్యా? తిను!" అంది నూకమ్మ.

"ఇంకా... మొదలుపెట్టలేదు" అని నసిగాడు రాజు.

"మొదలెట్టాల్సింది నువ్వే!"

"ముహూర్తం చూసుకుని తింటావా ఏంటి?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

కంగారుపడి రాజు ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. నాలుక చుర్రుమంది. అల్లం ఘాటు ముక్కుకెక్కింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఛీ అనాల్సిన మాట మర్చిపోయి మూడు అట్లు తిన్నాడు. నాలుగోది సగంలో ఉండగా తిప్పన ఆ మిగతా సగం ఆకుతో సహా లాక్కుని, "కొలువులో సాక్ష్యం కావాలి గదా" అని చెవిలో చెప్పాడు.

తీరా కొలువు చేరి, సింహాసనమెక్కి, బిరుదులు చదివించుకోగానే రాజుకు పాత పొగరు తిరిగొచ్చింది. "ఆ ముసలిది మోసగత్తె! జనానికి ఒకటి పెట్టి, మాకు ఇంకోటి పంపింది. శిక్ష రెట్టింపు చేయండి!" అన్నాడు.

"అలాగే ప్రభూ. ముందు సాక్ష్యాన్ని పద్ధతి ప్రకారం విచారించండి" అంటూ తిప్పన ఆ సగం అట్టును అందించాడు. కాపలావాళ్లు చూశారు. అధికారి రుచి చూసి అరగడియ కూర్చున్నాడు. వెండి పళ్లెం వచ్చింది. భట్టు ముప్పై రెండూ చదివాడు. రాజు కొరికాడు.

"ఇదీ తోలే!"

"ఇందులో మొదటి సగం మీరు లొట్టలేసుకుంటూ తిన్నారు ప్రభూ. పిండీ అదే, పెనమూ అదే. మీ కళ్లముందే వేసింది."

రాజు పళ్లెంలోని ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. "అయితే తప్పు చేసిందెవరు?"

"ముప్పై రెండు మంది ఉన్నారు ప్రభూ. మీరు మండపం కట్టించి చెక్కించబోయేది వాళ్లనే. బిరుదులు చల్లారేవి కావు, ఎప్పుడైనా చదువుకోవచ్చు. అట్టు ఆగదు. మీరు పుట్టి ఇన్నేళ్లయింది, నిన్నటిదాకా వేడి ముద్ద ఎరగరు. అది పోగొట్టినవాళ్లను వదిలేసి, ఇవాళ పెట్టినావిడను వెళ్లగొడతారా?"

రాజు మొహం ముందు ఎర్రబడింది. తర్వాత పెదవి వణికింది. ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. ఆజ్ఞాపత్రం చించేసి, మెడలోని ముత్యాల హారం తీసి తిప్పన మెడలో వేశాడు.

"హారం తీసుకుంటాను ప్రభూ" అన్నాడు తిప్పన. "కానీ తోలు అన్న మాటను నేను వెనక్కి తీసుకోలేను. అన్నవారే తీసుకోవాలి."

ఆ సాయంత్రం ప్రచండవర్మ భట్టును కోటలోనే వదిలేసి, నడుచుకుంటూ గాజుల వీధికి వెళ్లాడు. జనం దారి ఇచ్చారు. నూకమ్మ గరిటె పట్టుకుని గుడ్లప్పగించి చూసింది.

"అవ్వా, నీ అట్టు తోలన్నది నేనే. నోరు జారాను. తప్పు నాది."

నూకమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, పెనం మీద అట్టు తిరగేసి, ఆకులో వేసి చేతికిచ్చింది.

"సర్లే నాయనా, ముందు తిను" అంది.