యాసిడ్ పోసే చేతులు

కౌసల్యకి తన చేతులంటే భయం పట్టుకుంది.

డిగ్రీ రెండో ఏడు కెమిస్ట్రీ చదివే పిల్ల ఆమె. మొన్నమొన్నటిదాకా ఆ చేతుల్ని చూసుకునే మురిసిపోయేది. కాలేజీ ల్యాబులో ఎవరి ప్రయోగం కుదరకపోయినా "కౌసల్యని పిలవండి" అనేవారు. ఇప్పుడు ఇంట్లో గంజి వార్చడానికి కూడా గిన్నె పట్టుకోలేకపోతోంది. "అమ్మా, నువ్వు రా" అని పక్కకి తప్పుకుంటోంది.

జరిగింది ఇది.

కెమిస్ట్రీ చెప్పే వేదనాయకం మాస్టారు శనివారం మధ్యాహ్నాలు తన విద్యార్థులు కొందరిని విజయనగరం శివార్లలో ఉన్న ఒక హైస్కూలుకి పంపేవారు. అక్కడి తొమ్మిదో తరగతి పిల్లలకి కొందరు లెక్కలు చెప్పాలి, కొందరు సైన్సు. కౌసల్య సైన్సు చెప్పేది. బోర్డు మీద రాసి ఊరుకునేది కాదు, చేసి చూపించేది. ఎవరూ తెరవని బీరువాలోంచి గాజు సామానూ సీసాలూ తీయించి, దుమ్ము తుడిచి, బల్ల మీద పేర్చేది. ఆమె గేటు దాటి వస్తుంటేనే పిల్లలు కిటికీల్లోంచి "కౌసల్యక్క వచ్చేసింది!" అని అరిచేవారు. ఆ అరుపులు ఆమెకి బాగా నచ్చేవి.

ఆ శనివారం బస్సు ఆలస్యమైంది. గంట కొట్టేలోగా హైడ్రోజన్ తయారు చేసి, దాని దగ్గర అగ్గిపుల్ల పెట్టి, టప్పుమని పేలడం పిల్లలకి చూపించాలని ఆమె ఆత్రం. దానికి ముందు యాసిడ్‌ని నీళ్ళతో పలచన చేసుకోవాలి. యాసిడ్‌నే కొద్దికొద్దిగా నీళ్ళలో పొయ్యాలి, నీళ్ళు తీసుకెళ్ళి యాసిడ్‌లో పొయ్యకూడదు. ఈ సంగతి కౌసల్యకి ఇంటర్ నుంచీ తెలుసు. తెలిసి కూడా ఆ తొందరలో, పిల్లల గోలలో, బీకరులో ఉన్న యాసిడ్‌లోకి గ్లాసుతో నీళ్ళు ఒంపేసింది.

బుస్సుమని చిమ్మింది.

బల్ల మీదికి వంగి చూస్తున్న పైడితల్లి అనే పిల్ల ముఖం పట్టుకుని కేక పెట్టింది.

కౌసల్య కదల్లేదు. ఏం చెయ్యాలో తెలుసు. కాళ్ళు రాలేదు. పక్క గదిలో లెక్కలు చెబుతున్న తోటి విద్యార్థి కృపాకర్ పరుగెత్తుకొచ్చి, ఆ పిల్లని ఎత్తుకుపోయి కుళాయి దగ్గర కూర్చోబెట్టి, కంట్లోకి నీళ్ళు కొడుతూనే ఉన్నాడు. ఆ నీళ్ళ చప్పుడు వింటూ కౌసల్య గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. చివరికి ఎవరో వచ్చి ఆ గ్లాసు ఆమె చేతిలోంచి తీసుకున్నారు.

ఆస్పత్రిలో డాక్టరు కంటికి కట్టు కట్టాడు. "వెంటనే కడిగారు, మంచి పని చేశారు. చూపు సంగతి మాత్రం కట్టు విప్పాకే చెప్పగలను" అన్నాడు.

పైడితల్లి తల్లి జూట్ మిల్లు నుంచి పని బట్టలతోనే వచ్చింది. జుట్టు నిండా నార పీచు. కౌసల్య గోడకి ఆనుకుని నిలబడింది. తిడుతుందని భయం. తిట్టినా బాగుండునని ఆశ. ఆవిడ దగ్గరికొచ్చి, "సదువుకున్నదానివి, నీకు తెలుస్తాది. మా పిల్లకి సూపు వస్తాది కదమ్మా?" అని అడిగింది.

కట్టు విప్పేదాకా కౌసల్యకి తిండీ నిద్రా లేవు. కళ్ళు మూస్తే బుస్సుమన్న చప్పుడు. ఒక కంటిని అరచేత్తో మూసుకుని ఇంట్లో నడిచి చూసేది. గడప తట్టుకునేది. మంచినీళ్ళు గ్లాసులోకి వంచుకోబోతే పక్కకి పోయేవి. "ఏమిటే ఆ నడక?" అని వాళ్ళమ్మ అడిగితే చెయ్యి దించేసేది.

చూపు పోలేదు. కంటి కింద చింతగింజంత మచ్చ మిగిలింది, అంతే. పైడితల్లి తల్లి డాక్టరు కాళ్ళకి దణ్ణం పెట్టబోయింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

కౌసల్యకి మాత్రం అసలు భయం అప్పుడు మొదలైంది. ఈసారి కృపాకర్ ఉన్నాడు. ఇంకోసారి ఎవరూ లేకపోతే? తను మళ్ళీ అలాగే నిలబడిపోతే?

మాస్టారి గదికి వెళ్ళింది. ఆయన పేపర్లు దిద్దుకుంటున్నారు.

"సార్, నన్ను లెక్కలకి మార్చండి."

"ఏం?"

"లెక్క తప్పితే ఎవరి కన్నూ పోదు సార్."

మాస్టారి కలం ఆగింది. ఆయన ఆమె ముఖం కేసి కాదు, ఆమె చేతుల కేసి చూశారు. "శనివారం నేనూ వస్తాను. కలిసి వెళ్దాం" అన్నారు. మళ్ళీ పేపర్లలో పడ్డారు.

శనివారం బస్సులో ఆయన ఒళ్ళో ఒక గుడ్డసంచి ఉంది. కౌసల్య గేటు దాటింది. ఈసారి కిటికీల్లోంచి ఎవరూ అరవలేదు.

మాస్టారు సంచి విప్పారు. అందులో ల్యాబు కళ్ళద్దాలున్నాయి. కౌసల్యకి ఒక జత ఇచ్చి, ఒక్కొక్క పిల్లకీ ఒక్కొక్క పిల్లవాడికీ తనే తొడిగారు. బకెట్లతో నీళ్ళు తెప్పించి బల్ల పక్కన పెట్టించారు. బల్లకి దూరంగా నేల మీద సుద్దముక్కతో గీత గీసి, పిల్లల్ని దాని వెనక కూర్చోబెట్టారు. బీకరులో నీళ్ళు పోసి బల్ల మీద పెట్టి, ఆయన కూడా వెళ్ళి పిల్లల మధ్య కూర్చున్నారు.

"కానివ్వమ్మా" అన్నారు.

పైడితల్లి లోపలికి రాలేదు. గుమ్మం బయట, తలుపు పట్టుకుని నిలబడింది. పారిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టు ఒక కాలు మెట్టు మీద.

కౌసల్య యాసిడ్ సీసా ఎత్తింది. చెయ్యి ఎంత వణికిందంటే, సీసా మూతి బీకరు అంచుకి తగిలి టకటకమంది. ఆమె సీసా దించేసింది.

"నా వల్ల కాదు సార్."

మాస్టారు లేచి వచ్చారు. కళ్ళద్దాలు పెట్టుకుని, రబ్బరు తొడుగులు వేసుకుని, బీకరుని రెండు చేతులతో చుట్టి పట్టుకున్నారు.

"ఇప్పుడు పొయ్యి."

"మీ చేతుల మీద పడుతుంది సార్."

"పడొచ్చు."

కౌసల్య సీసా అందుకుంది. పొయ్యబోతూ బీకరులోకి చూసింది. నీళ్ళ మీద సన్నగా అలలు తేలుతున్నాయి. బల్ల కదలడం లేదు. తను బీకరుని తాకనే లేదు.

"సార్, మీ చేతులు..." అంది గుసగుసగా.

"ఊఁ."

"వయసు వల్లా సార్?"

"కాదు. భయం. ఈ సీసా మూత తీసినప్పుడల్లా నాకింతే. నెమ్మదిగా పొయ్యి."

కాలేజీ ల్యాబులో మాస్టారి నెమ్మది చూసి పిల్లలు చాటుగా నవ్వుకునేవారు. ఆయన యాసిడ్ పోసేలోగా క్యాంటీనుకి వెళ్ళి టీ తాగి రావచ్చని ఒక హాస్యం. అందరితో పాటు కౌసల్య కూడా నవ్వింది. ఆ చేతులు ఎప్పుడూ చూడలేదు.

ఆమె పొయ్యడం మొదలుపెట్టింది. బీకరులో నిలిపిన గాజుకడ్డీ వెంట సన్నటి ధార. చెయ్యి వణుకుతూనే ఉంది.

"వేడెక్కుతోంది. ఆపు" అన్నారు మాస్టారు. ఆపింది. కలిపింది. "ఇప్పుడు పొయ్యి." మళ్ళీ పోసింది. మళ్ళీ ఆపింది. చాలాసేపు పట్టింది. ఏమీ చిమ్మలేదు.

"అయిపోనాదేటక్కా?" గుమ్మం దగ్గరనుంచి పైడితల్లి గొంతు.

"లేదే. జింకు ముక్కలు వెయ్యాలి."

"నానూ రానా?"

మునుపైతే కౌసల్య రమ్మని కేకేసేదే. "ఆగు" అంది. సీసాకి మూత బిగించి, ఒక జత కళ్ళద్దాలు తీసుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళింది. పైడితల్లి ముఖానికి తొడిగి, మచ్చ ఉన్న వైపు సందు ఉందేమోనని వేలుతో తడిమి చూసింది.

"నొక్కుతోందా?"

"నేదక్కా."

"గీత దాటకు. ఎంత బాగున్నా దాటకు."

పైడితల్లి గీత వెనక నిలబడింది. ముందుకి మాత్రం వంగలేదు.

పాఠం అయ్యాక హెడ్‌మిస్ట్రెస్ వచ్చారు. ప్రమాదం జరిగిన రోజునుంచీ యాసిడ్ సీసాల బీరువాకి ఆవిడ తాళం వేసి ఉంచారు. ఈ పూట మాస్టారి మాట మీద తీసిచ్చారు.

"ఇకమీద ఈ తాళంచెవి మీవాళ్ళలో ఒక్కరి దగ్గరే ఉండాలి మాస్టారూ. వాళ్ళు లేనిదే బీరువా తెరవకూడదు. ఎవరికివ్వమంటారు?"

కృపాకర్ ముందుకొచ్చాడు. వాడి మనసులో చెడ్డేమీ లేదు, ఆమె బరువు తను మోద్దామనే వచ్చాడు. "నాకివ్వండి మేడమ్. నాకు భయం లేదు. కౌసల్య ఇంకా వణుకుతూనే ఉంది, చూడండి."

ఆ మాట నిజమే. కౌసల్య చేతులు చున్నీలో దాచుకుంది.

మాస్టారు తాళంచెవి అందుకున్నారు. కౌసల్య చెయ్యి చున్నీలోంచి బయటికి తీసి, అరచేతిలో పెట్టి, వేళ్ళు ముడిచారు.

కృపాకర్‌కి అర్థం కాలేదు. "సార్, తనకి భయం..."

"అందుకే" అన్నారు మాస్టారు.