కొండముచ్చుకు పరామర్శలు

అనగనగా ఒక అడవి. అందులో నీళ్ళకు కరువొచ్చేది గానీ జాలికి మాత్రం ఎన్నడూ కరువు రాలేదర్రా పిల్లలూ!

ఆ అడవిలో నీలాలు అనే కొండముచ్చు ఉండేది. దాని పని కాపలా. ఎత్తైన కొమ్మ మీద కూర్చుని, చిరుతపులి కనబడగానే "ఖక్, ఖక్" అని అరిచేది. కింద మేసే దుప్పులు పరుగెత్తి ప్రాణాలు దక్కించుకునేవి. ఒకరోజు ఎండుకొమ్మ విరిగి నీలాలు వెల్లకిలా రాళ్ళ మీద పడింది. వెన్నెముక దెబ్బతింది. వెనక కాళ్ళు చచ్చుబడిపోయాయి.

ఇంకేం! అడవి అంతా పరామర్శకు బయలుదేరింది.

ముందు ఎలుగుబంటి తేనెపట్టు పట్టుకొచ్చింది. "పాపం తల్లీ! ఎలా ఎగిరేదానివి, ఎలా అయిపోయావు!" అని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ తేనెపట్టంతా తనే తినేసింది. దుఃఖంలో ఆకలి ఎక్కువేమో మరి!

తర్వాత నక్క వచ్చింది. "అచ్చం మా మేనమామకీ ఇలాగే అయింది నీలాలూ" అంది.

"అవునా! ఇప్పుడెలా ఉన్నాడు?" ఆశగా అడిగింది నీలాలు.

"ఇంకెక్కడున్నాడు? నెల తిరక్కుండానే పోయాడు. నువ్వు మాత్రం ధైర్యంగా ఉండు." చూశారా, ఎంత చక్కటి ధైర్యమో!

ఆ తర్వాత దుప్పుల పెద్ద వచ్చింది. "నువ్వు కదలకమ్మా, మేత మేమే తెచ్చిపెడతాం. కాపలాకి నెమలిని పెట్టాం. మూడు పున్నములు చూసి దాన్నే ఖాయం చేస్తాం" అంది.

కాళ్ళు పోయినప్పుడు కూడా నీలాలు అంతగా ఏడవలేదు. తన చోటు పోతోందని వెక్కి వెక్కి ఏడ్చింది.

అప్పుడొచ్చింది ముళ్ళపంది మామ్మ, వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ. ఎన్నో ఏళ్ళ కిందట దాని నడుము మీద కొండరాయి పడింది.

"ఎంతసేపటి నుంచి ఒకే పక్కన పడుకున్నావే?"

"పొద్దుటి నుంచి, మామ్మా."

"భేష్! పుండ్లు పడితే చూడ్డానికి ఇంకా ఎక్కువమంది వస్తారు. తిరుగు అవతలికి!"

"మామ్మా, నా కాళ్ళు మళ్ళీ వస్తాయా?"

"ఏమో! నావి రాలేదు. నీకు అబద్ధం చెప్పను. అయినా చిరుతను కాళ్ళతో చూసేదానివా? తోకతో అరిచేదానివా?"

నీలాలుకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

మర్నాటి నుంచి చేతులతో పాకడం మొదలు. మొదటి రోజు జానెడు. రెండో రోజు అదీ లేదు. నీలాలు మామ్మను తిట్టింది, మామ్మ రెండింతలు తిట్టింది. మూడో రోజు మూరెడు.

అది చూసి నక్క బుగ్గలు నొక్కుకుంది. "అయ్యయ్యో! మామ్మా, నీకు గుండె ఉందా? పడుకో తల్లీ, పడుకో."

పడుకోవడం హాయే. పాకితే మోచేతులు చీరుకుపోతున్నాయి. నీలాలు కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత అంది, "నక్క మామా, వచ్చినవాడివి ఊరికే కూర్చోకు. మైదానమంతా కనబడే ఆ పెద్ద బండ దాకా దారిలో ముళ్ళు ఏరిపెట్టు."

నక్కకు ఇంటి దగ్గర అర్జంటు పని గుర్తొచ్చింది.

నక్కతో పాటే చూడ్డానికొచ్చిన ఎలుగుబంటి మాత్రం కదల్లేదు. "మరి నాకేం పని లేదా?" అని సిగ్గుపడుతూ అడిగింది. పాపం, ఏడవడం తప్ప ఇంకేం చెయ్యాలో దానికి అంతవరకు ఎవరూ చెప్పలేదు! ముళ్ళు ఏరింది. రాళ్ళు దొర్లించి, మట్టి పోసి, బండ మీదికి ఏటవాలు దారి వేసింది.

మూడో పున్నమి నాటి పొద్దున దుప్పులన్నీ మైదానంలో చేరాయి. నెమలి కొమ్మ మీద ఈకలు సర్దుకుంటోంది. నీలాలు జానెడు జానెడు పాకుతూ బండ ఎక్కింది.

"పాపం, ఎందుకొచ్చావమ్మా?" అంది దుప్పుల పెద్ద.

నీలాలు వినడంలేదు. గడ్డిలో ఏదో కదిలింది. "ఖక్! ఖక్!"

దుప్పులు చెల్లాచెదురుగా పరుగెత్తాయి. చిరుత ఉత్త గడ్డి మీద దూకి, ముఖం వేలాడేసుకుని పోయింది.

"నేనూ చూశాను. ఈకలు సర్దుకుని చెబుదామనుకున్నా" అంది నెమలి.

దుప్పుల పెద్ద తల వంచుకుంది. "కాపలా నీదే తల్లీ. నీకేం కావాలి?" అని మొట్టమొదటిసారి అడిగింది.

"ఎండెక్కితే బండ కాలిపోతుంది. నాలుగు ఆకుకొమ్మలు తెచ్చి పందిరి వెయ్యండి."

ఆ మాట పూర్తయ్యేసరికి ఎలుగుబంటి కొమ్మలు విరవడానికి సగం దూరం వెళ్ళిపోయింది.

నీతి: పడ్డవాళ్ళ పక్కన కూర్చుని ఏడవడం చాలా సులువు, అందుకే అందరూ అదే చేస్తారు. ఏం కావాలో అడిగి, చేతనైంది చేసిపెట్టేవాళ్ళే అసలైన ఆసరా.