ఈశాన్యం బావి, ముద్దపప్పు

నూకాలు వయసు నలభై రెండు. ఏ ఊరు వెళ్లినా ముందు అక్కడి నీళ్లు పుక్కిట పోసుకుని రుచి చూస్తుంది.

కోట వంటింట్లో నీళ్లు మోసేదీ, పప్పు వండేదీ ఆమే. రంగశాయి భూపతికి ముద్దపప్పు లేనిదే ముద్ద దిగదు. అందుకే ఆయనకు ఉన్నట్టుండి సముద్రపు ఒడ్డున మేడ కొనాలని బుద్ధి పుట్టినప్పుడు, మొగుణ్ణి ఇంటి దగ్గర వదిలి, పరివారంతో పాటు ఆమె కూడా గరిటెతో సహా బండెక్కింది.

మేడ నాగులరేవులో ఉంది. చిన్న ఊరు. నూకాలు పుట్టిన ఊరు. బేరం తెచ్చినవాడు ఆస్థాన వాస్తు పండితుడు శితికంఠశాస్త్రి. మేడ ఆయన బావమరిదిదే. ఆ ముక్క మాత్రం ఆయన చదివిన శ్లోకాల్లో ఎక్కడా రాలేదు.

ముప్పై రెండు గదులు, చలవరాతి మెట్లు, అద్దాల నాట్యశాల. చూడ్డానికి రాజుగారి వెంట ఇరవై మంది మగవాళ్లు వచ్చారు. స్తంభాలు తట్టారు, కిటికీలు తెరిచి ఆహా అన్నారు. రాణిగారికి అద్దాలు నచ్చుతాయని వాళ్లే తేల్చేశారు. రాణిగారిని తీసుకురాలేదు.

రాజుగారికి ఒక్కటే లోపం కనిపించింది. పాన్పు మీద పడుకుంటే ఎదురుగా ఇసుకదిబ్బ అడ్డొచ్చి సముద్రం కనబడటం లేదు. రేపే దాన్ని చదును చేయిస్తానన్నాడు శాస్త్రి. అయితే భోజనం కాగానే పత్రం మీద ముద్ర వేసేద్దామన్నారు రాజుగారు.

వెనక చెంబు పట్టుకుని నిలబడ్డ నూకాలు ఆ మాట విని దిబ్బ వంక చూసింది. ఆ దిబ్బలోనే చెలమలున్నాయి. చేత్తో ఇసుక తోడితే ఊరే ఆ నీళ్లే రేవు మొత్తానికి తాగునీళ్లు. దిబ్బ పోతే ఆమె చెల్లెలూ, మిగతా ఆడవాళ్లూ బిందెలెత్తుకుని రెండు కోసులు నడవాలి.

మేడ పెరట్లో బావి లేకపోలేదు. బండి దిగగానే నూకాలు ఆ నీళ్లు పుక్కిట పోసుకుని, ఉమ్మేసింది. సంగతి శాస్త్రికీ తెలుసు. కాబట్టే ముందురోజు రేవు ఆడవాళ్ల చేత చెలమల నుంచి నలభై బిందెలు మోయించి గంగాళాలన్నీ నింపించాడని చెల్లెలు చెప్పింది. ఆ నీళ్లు తాగి రాజుగారు ఎంత తియ్యగా ఉన్నాయో అంటే, బావి ఈశాన్యంలో ఉంది కదా ప్రభూ అని మీసం సవరించుకున్నాడాయన.

నూకాలు చెంబు కింద పెట్టి చేతులు కట్టుకుంది.

"శాస్త్రిబాబూ, కొత్తింట్లో తొలి వంటకు ఆ ఇంటి బావినీళ్లే ఎసరు పెట్టాలంటారు కదా. తొలి చేద తమరి చేత్తో తోడితే మారాజుకి మరింత మంచిదేమో."

అలాంటి ఆచారం ఉందో లేదో శాస్త్రికి గుర్తురాలేదు. గుర్తులేదని నలుగురిలో ఒప్పుకోవడం ఆయనకు అసలే చేతకాదు. ఈలోగా రాజుగారు సంబరంగా తలూపేశారు.

శాస్త్రి ఉత్తరీయం నడుముకు బిగించి, పుట్టాక మొదటిసారి చేద పట్టాడు. నాలుగుసార్లు గోడకు కొట్టుకున్నాక ఐదోసారి కాసిని నీళ్లు పైకొచ్చాయి. బిందె నిండేసరికి ఆయన అరచేతులు ఎర్రబడ్డాయి.

"కాస్త ఉప్పగా తగలొచ్చే," అన్నాడు గొంతు తగ్గించి. "పప్పులో ఉప్పు తగ్గించి వెయ్యి. ఎవరికీ తెలీదు."

"చిత్తం," అంది నూకాలు. పప్పు ఉడకడం ఏనాడూ చూడనివాడికి అంతకన్నా ఏం చెబుతుంది?

రెండు పొయ్యిలు వెలిగించింది. ఒకే బస్తాలోని కందిపప్పు, ఒకే మోపులోని కట్టెలు. రాజుగారి పప్పుకు బావినీళ్లు. పనివాళ్ల పప్పుకు గంగాళం నీళ్లు.

ఎండ నడినెత్తికొచ్చింది. పనివాళ్లు తినేసి చేతులు కడుక్కున్నారు. రాజుగారి పప్పు మాత్రం కుండలో గలగలమంటూనే ఉంది. మరో నాలుగు గడియలు చూశారు. విస్తరి ముందు మాగాయ ముక్క చప్పరిస్తూ కూర్చున్న రాజుగారు ఇక ఆగలేక, ఎలా ఉంటే అలా వడ్డించమన్నారు. మొదటి ముద్దకే దవడ పట్టుకున్నారు.

ఆడదానికి వంట కూడా రాకపోతే రాజ్యం ఏమైపోతుందని శాస్త్రి వాపోయాడు.

నూకాలు పనివాళ్ల కుండ తెచ్చి రాజుగారి విస్తట్లో ఓ గరిటె వేసింది. వెన్నలా జారింది.

"ఇదీ నువ్వే వండావా?" అన్నారు రాజుగారు.

"నేనే బాబూ. అదే పప్పు, అదే చెయ్యి. మొదటిది శాస్త్రిబాబు తోడిన బావినీళ్లు. ఆ ఉప్పునీళ్లలో కందిపప్పు ఉడకదు. రెండోది ఎదురుగా ఉన్న దిబ్బలోని చెలమ నీళ్లు. పొద్దుట్నుంచీ తమరు తాగినవీ అవే. రేపు చదును చేయిస్తామన్న దిబ్బ అదే."

బావి ఈశాన్యంలోనే ఉందని శాస్త్రి గొణిగాడు.

"పప్పుకి దిక్కులు తెలీవు బాబూ."

రాజుగారు ఇరవై మంది వంకా చూశారు. ఇంతమంది ఇల్లు చూడ్డానికొచ్చి, నీళ్లెక్కడివని ఒక్కరికైనా అడగాలని తోచలేదా అన్నారు. ఇరవై మందీ విస్తళ్లలోకి చూసుకున్నారు. జవాబు నూకాలే చెప్పింది.

"ఎలా తోస్తుంది బాబూ. తమరికి దాహం వేసేసరికి చెంబే నడిచొచ్చి ఎదురుగా నిలబడుతుంది."

ఆ 'తమరి'లో తానూ ఉన్నానని రాజుగారికి కాస్త ఆలస్యంగా తట్టింది. తట్టాక, పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వాక మిగతావాళ్లూ నవ్వారు. అది ఆస్థానం పద్ధతి.

ఏం కావాలో కోరుకోమన్నారు. నూకాలు రెండు కోరింది. దిబ్బను రేవు ఆడవాళ్ల పేర రాసి ముద్ర వెయ్యాలి. అన్నం పారబోస్తే పాపం కనుక, బావినీళ్ల పప్పు శాస్త్రిగారు తినాలి.

తనకు మడి అడ్డొస్తుందన్నాడు శాస్త్రి.

"నీళ్లు తమరి మడిచేతివే కదా బాబూ," అంది నూకాలు.

ముద్ర మేడ పత్రం మీద కాక దిబ్బ పత్రం మీద పడింది. శాస్త్రి పొద్దువాలేదాకా నమిలాడు.

మరుసటి ఏడు నూకాలు కోట కొలువు మానేసి నాగులరేవులో ఇల్లు వేసుకుంది. ఆ ఇంటికి నీళ్లు మొగుడి చేత మోయించింది.