ఎదుటివాళ్ళ వకాల్తా

అనగనగా ఒక అడవిలో ఒక వాగు ఉండేది. అలాంటిలాంటి వాగు కాదర్రోయ్! పేరే తుళ్ళువాగు. కొండ మీద పుట్టి, పచ్చిక మైదానంలో పొర్లి, సముద్రం ఒడ్డున ఉన్న మడ అడవిలోకి దూకేది. బడి గంట కొట్టగానే మీరెలా పరిగెడతారు? అచ్చం అలాగే.

ఒకటే వాగు, చట్టాలు మాత్రం మూడు. కొండకి ఒకటి, మైదానానికి ఒకటి, మడకి ఇంకొకటి. ఎవరి న్యాయస్థానం వాళ్ళదే, ఎవరి వకీలు వాళ్ళకే. కొండ వకీలు ముళ్ళపంది సూదయ్య. మైదానం వకీలు ముంగిస చురుకయ్య. మడ వకీలు బుడుంగి అనే నీటికుక్క. ఈ కథ బుడుంగిదే. నున్నటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు, నోరు మాత్రం ఊరంత! కేసు గెలిచినప్పుడల్లా మెడలో ఒక గవ్వ గుచ్చుకునేది. నడిస్తే గలగల. ఆ చప్పుడు వింటే పీతలు కూడా పక్కకి తప్పుకునేవి.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. సూదయ్య కొండ మీద లేచి, "వాగు పుట్టింది మా దగ్గర. నీళ్ళన్నీ మావే!" అన్నాడు. వినేవాళ్ళంతా కొండవాళ్ళే కదా, గెలిచాడు. చురుకయ్య మైదానంలో లేచి, "వాగు వెడల్పయ్యేది మా దగ్గర. నీళ్ళన్నీ మావే!" అన్నాడు. అతనూ గెలిచాడు. బుడుంగి మడలో లేచి, "వాగు చేరేది మా దగ్గరికి. నీళ్ళన్నీ మావే!" అంది. ఆమె కూడా గెలిచింది! ఎవరు పట్టిన కుందేటికి వాళ్ళు మూడే కాళ్ళన్నారు. పాపం, కుందేళ్ళు అక్కడే కూర్చుని వింటున్నాయి కూడా.

చూశారా చోద్యం? ముగ్గురూ గెలిచారు, వాగు మాత్రం ఎండిపోయింది.

ఎలాగంటారా? తీర్పు చేతికి రాగానే కొండవాళ్ళు ఒక బండరాయి అడ్డం దొర్లించి నీళ్ళు ఆపేశారు. సందుల్లోంచి కారిన కాస్తా మైదానంవాళ్ళు కాలువ తవ్వి మళ్ళించుకున్నారు. మడకి తీర్పు వచ్చింది గానీ చుక్క నీరు రాలేదు. పైనుంచి మంచినీళ్ళు రాకపోతే సముద్రం ఊరుకుంటుందా? ఉప్పునీళ్ళు లోపలికి ఎగబాకాయి. చేపలు వెళ్ళిపోయాయి.

బుడుంగి అక్క నాచమ్మకి అప్పుడే పిల్లలు పుట్టారు. ఇంకా కళ్ళయినా తెరవలేదు. తల్లికి తిండి లేక పాలు తగ్గిపోయాయి. పిల్లలు కుయ్ కుయ్‌మని ఏడుస్తుంటే బుడుంగికి గుండె తరుక్కుపోయేది. మెడలో కొత్త గవ్వని చూసుకుంటే సిగ్గేసేది.

అలాంటి వేళ ఆకాశంలోంచి గూడకొంగ పెద్దాయన దిగాడు. ఏటా దూరదేశం నుంచి వచ్చే పక్షి ఆయన. ఏ ప్రాంతానికీ చెందినవాడు కాదు, అందుకే అన్ని ప్రాంతాలవాళ్ళూ ఆయన మాట వినేవారు. ఎండిన వాగుని చూసి ముక్కు కింద సంచి వణికేంత కోపం వచ్చిందాయనకి. ముగ్గురు వకీళ్ళనీ పిలిపించాడు.

"ఏమర్రా, మీ తెలివి తెల్లారినట్టే ఉంది! వాగుని మూడు ముక్కలు చేసి ముక్కకో చట్టమా? ఈ రోజు నుంచి మీ ముగ్గురూ ఒక కమిటీ. కొండ నుంచి సముద్రం దాకా వాగంతటికీ కలిపి ఒకే చట్టం తయారు చెయ్యాలి."

కమిటీ అనగానే ముగ్గురూ ఎగిరి గంతేశారు. "అధ్యక్షుణ్ణి నేనే!" అన్నాడు సూదయ్య. "కాదు, నేనే!" అన్నాడు చురుకయ్య. "నా గవ్వలు చూశారా అసలు?" అంది బుడుంగి.

"ఆపండి మీ గోల!" అన్నాడు గూడకొంగ. "నా షరతు వినండి. ఈ కమిటీలో ఎవరి ప్రాంతం తరఫున వాళ్ళు వాదించకూడదు. బుడుంగీ, నువ్వు కొండ తరఫున వాదించు. సూదయ్యా, నువ్వు మైదానం తరఫున. చురుకయ్యా, నువ్వు మడ తరఫున. ముందు అక్కడికి వెళ్ళి, చూసి, అప్పుడు నోరు తెరవండి."

ముగ్గురి నోళ్ళూ టక్కున మూతపడ్డాయి. వకీళ్ళ నోళ్ళు మూతపడటం ఆ అడవిలో అదే మొదటిసారి!

బుడుంగి పరుగున ఇంటికి వెళ్ళి చెప్పింది. నాచమ్మ కళ్ళు మెరిశాయి.

"ఓసి పిచ్చిదానా! ఇంతకంటే అదృష్టం ఉందా? కొండవాళ్ళ కేసు నీ చేతికే వచ్చింది. మాట తడబడు, నీళ్ళు నములు, ఓడిపో! రాయి తీయిస్తారు. నీళ్ళొస్తాయి. నా పిల్లలు బతుకుతారు."

"అది దొంగ వాదన కదే అక్కా..."

"దొంగో దొరో నాకనవసరం. వీళ్ళని చూసి చెప్పవే!"

బుడుంగి చూసింది. చిన్నవాడికి ఏడవడానికి కూడా ఓపిక లేదు. "సరే అక్కా, ఓడిపోతాను" అని మాటిచ్చేసింది.

చూసొచ్చినట్టు అనిపించుకోవాలి కదా, అందుకని కొండ ఎక్కింది. పైకి వెళ్ళేసరికి అడ్డం పెట్టిన బండరాయి, దాని వెనక నిండుగా నీళ్ళు. బుడుంగికి ఒళ్ళు మండిపోయింది. రాయి పక్కన గుబురమ్మ అనే పెద్ద ఎలుగుబంటి ఒక పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పేరుకి గుబురమ్మే, వీపు మీద ఒక్క వెంట్రుక లేదు. అంతా కాలిన మచ్చలే.

"ఇదేమిటమ్మా?" అని అడిగింది బుడుంగి.

"పోయిన వేసవిలో కార్చిచ్చు వచ్చింది తల్లీ. ఆర్పుకోవడానికి దోసెడు నీళ్ళు లేవు. ఇద్దరు పిల్లలు నాకు. ఒకణ్ణే మోసుకు రాగలిగాను."

బుడుంగి ఆ మచ్చల వంక, ఒళ్ళోని పిల్లాడి వంక చూసింది. "ఈ సంగతి మీ సూదయ్య ఎప్పుడూ చెప్పలేదే?" అంది.

"ఇక్కడ తెలియనివాళ్ళెవరమ్మా, చెప్పడానికి? కిందివాళ్ళు ఎలాగూ వినరాయె." గుబురమ్మ బుడుంగి తల నిమిరింది. "నువ్వేనటగా మా వకీలువి? నువ్వైనా చెబుతావా?"

బుడుంగి తల ఊపింది. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి!

కమిటీ రోజు వచ్చింది. తెల్లవారేసరికి మూడు ప్రాంతాలవాళ్ళూ ఆ బండరాయి దగ్గరే పోగయ్యారు. ఒకటే సందడి, ఒకటే తోపులాట! మడవాళ్ళు బుడుంగికి కన్ను గీటారు. నాచమ్మ అందరికీ చెప్పేసిందన్నమాట.

"కొండ తరఫు వకీలు!" అని పిలిచాడు గూడకొంగ.

బుడుంగి లేచింది. నీళ్ళు నమలాలి. మాట తడబడాలి. ఎదురుగా ముందు వరసలో గుబురమ్మ, ఒళ్ళో మిగిలిన ఆ ఒక్క పిల్లాడు. 'మన వకీలే, చూడు' అన్నట్టు వాడికి బుడుంగిని చూపిస్తోంది.

ఏమైతే అదయింది! బుడుంగి గొంతు విప్పింది.

"అయ్యల్లారా, అమ్మల్లారా! కొండవాళ్ళు పిసినారులని మా మడలో అరిచింది నేనే. తప్పుగా అన్నాను, లెంపలేసుకుంటున్నాను. వాళ్ళు నీళ్ళు పట్టుకుంది ఆశతో కాదు, భయంతో! మంట మీదికొస్తుంటే, చేతిలో చుక్క నీరు లేకపోతే, ఇద్దరు పిల్లల్లో ఎవర్ని ఎత్తుకోవాలి? మీరు చెప్పండి! ఎవర్ని వదిలెయ్యాలి?"

ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. కన్ను గీటినవాళ్ళలో కొందరు "ఇంటి ద్రోహి!" అని గొణిగారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. కొమ్మ మీది కాకి ఉండబట్టలేక, "బుడుంగి కొండ తరఫున ఇరగదీసేస్తోందహో!" అని అరుస్తూ మడ వైపు ఎగిరిపోయింది. కాకులకి ఇంకేం పని!

సూదయ్య ముళ్ళన్నీ వాలిపోయాయి. తన వాళ్ళ గోడు పరాయి నోట వింటే ఏడుపు ఆగలేదతనికి. "నేను మైదానం కేసు ఓడిపోదామనే వచ్చాను. ఇక నా వల్ల కాదు" అని ముక్కు చీదుకుని లేచాడు. "గడ్డి మొలవకపోతే అక్కడ లేడిపిల్లలు మాడిపోతాయి. మొలక లేచేదాకా నీళ్ళు కావాలి. తర్వాత అక్కర్లేదు" అని గట్టిగా వాదించాడు.

చురుకయ్య సంగతీ అంతే. తోక తిన్నగా నిలబెట్టి, "మడలో నాచమ్మ పిల్లల్ని చూశాను. చిన్నవాడు నా వేలు చీకాడు, పాలనుకుని" అన్నాడు. "వాగంతా వద్దు వాళ్ళకి. సన్నటి పాయ ఒక్కటి తెగకుండా వస్తే చాలు. ఉప్పు వెనక్కి పోతుంది."

గూడకొంగ తీర్పు చెప్పడానికి ముక్కు తెరిచాడు. అంతలో గుబురమ్మ లేచింది.

"ఆగండి బాబూ. మంట ఆర్పుకోవడానికి మాకు ఒక్క మడుగు నిండా ఉంటే చాలు. మా మాట ఎవరికీ పట్టదనుకుని వాగునంతా పట్టుకున్నాం. విన్నారుగా!"

అని తన కాలిన వీపుని బండరాయికి ఆనించింది. ఒక తోపు తోసింది, కదల్లేదు. సూదయ్య, చురుకయ్య వచ్చి చెయ్యేశారు. రెండో తోపుకి రాయి ఊగింది. బుడుంగి కూడా వచ్చి భుజం ఆనించింది. మూడో తోపుకి... దొర్లింది! నీళ్ళు! నీళ్ళర్రా! ఎగిరి, దూకి, నురగలు కక్కుతూ నీళ్ళు!

బుడుంగి ఒక్క గెంతు గెంతి నీళ్ళలో పడింది.

"ఏయ్, చట్టం రాయొద్దూ?" అని గూడకొంగ అరిచాడు.

"రాస్తూ ఉండండి, ఇప్పుడే వస్తా!" అని తను కూడా అరిచింది.

వాగు ముందా, బుడుంగి ముందా! మైదానంలో ఉండిపోయిన కుందేళ్ళు నీళ్ళ హోరు వినగానే కాలువకి సగం మట్టి వేసి, "మాకు సగం, మీకు సగం! పో పో!" అని ఎగురుతున్నాయి. మలుపులో రాయి తగిలి మెడలో దండ తెగింది. గవ్వలన్నీ చెల్లాచెదురయ్యాయి. బుడుంగి వెనక్కి చూస్తే ఒట్టు! ఈదింది, పాకింది, దొర్లింది, ఇల్లు చేరింది.

కాకి ముందే వచ్చేసిందిగా. నాచమ్మ గుమ్మంలోనే నిప్పులు కురిపిస్తోంది.

"మాటిచ్చి మోసం చేశావు కదే! కొండవాళ్ళ కోసం అంత బాగా వాదించావట!"

"అవునక్కా" అంది బుడుంగి ఆయాసపడుతూ. "వాదించాను."

"నా పిల్లల కంటే నీ గెలుపే ఎక్కువైందా? అదిగో, మళ్ళీ గవ్వలు గలగలలాడించుకుంటూ వచ్చావు, సిగ్గులేకుండా!"

బుడుంగి మెడ తడిమి చూపించింది. మెడ బోసిగా ఉంది. "గవ్వలు లేవక్కా. దారిలోనే పోయాయి."

"మరి ఆ గలగల ఏమిటే?"

నాచమ్మ చెల్లెలి భుజం మీదుగా చూసింది. మడ వేళ్ళ సందుల్లోంచి తుళ్ళుతూ వచ్చి, చల్లటి నీళ్ళు ఆమె కాళ్ళని తాకాయి. వంగి నాలుకతో రుచి చూసింది. తియ్యగా ఉన్నాయి.

అదర్రా సంగతి. ఆ చట్టం అలా తయారైంది. కొండకి ఒక మడుగు, మైదానానికి మొలక లేచేదాకా సగం, మడకి ఎప్పుడూ తెగని పాయ. ఆ కమిటీలో ఇప్పటికీ ఎవరి కేసు వాళ్ళు వాదించరు. బుడుంగి మెడలో ఇప్పటికీ గవ్వలు లేవు. ఆమె అక్క పిల్లలు మాత్రం బొద్దుగా తయారై రోజంతా ఆ నీళ్ళలోనే పడి ఈదుతున్నారు!

నీతి: మన పక్షం గెలిచినంత మాత్రాన న్యాయం గెలిచినట్టు కాదు, ఎదుటివాళ్ళ కష్టాన్ని మన కష్టంలా చెప్పగలిగిన రోజే అందరికీ న్యాయం జరుగుతుంది.